లాక్‌డౌన్ మనసుకు చేసిన గాయం: మగవారిలో ఒకలా, ఆడవారిలో మరొకలా



2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. ఉగాది పచ్చడికి వేపపువ్వు కోసం పక్కింటికి వెళ్ళాలన్నా జనం జంకారు. ముందు 21 రోజులే అన్నారు. తరువాత మే 3 అన్నారు, మే 17 అన్నారు, చివరికి మే 31 వరకు సాగింది. మరుసటి ఏడు రెండవ విడత కరోనా విజృంభించినప్పుడు మన రాష్ట్రంలో మే 5 నుండి మధ్యాహ్నం 12 గంటలు దాటితే కర్ఫ్యూ అమలు చేశారు.

అవన్నీ గడిచిపోయి ఏళ్ళయింది గదా, ఇప్పుడెందుకు ఈ సంగతి అని మీరు అడగవచ్చు. కరోనా ఊపిరితిత్తులకు చేసిన హాని గూర్చి అందరికీ తెలుసు. మనసుకు జరిగిన హాని గూర్చి మాట్లాడుకున్నది తక్కువ. ఆ రోజుల్లో మొదలైన నిద్రలేమి, గుండెదడ, తాగుడు, ముభావం కొన్ని ఇళ్ళల్లో నేటికీ ఉన్నాయి. అవి అప్పుడు మొదలయ్యాయన్న సంగతిని మాత్రం ఇంట్లోవారే మరచిపోయారు. "మా ఆయన స్వభావమే అంత", "మా అమ్మకు పెద్దతనం వచ్చింది" అని సరిపెట్టుకుంటున్నారు. స్వభావం వేరు, జబ్బు వేరు. ఆ తేడా తెలుసుకోవడానికే ఈ వ్యాసం.

మనసు నిలకడగా ఉండాలంటే ముఖ్యంగా మూడు కావాలి. పొద్దున లేచి చేయడానికి ఒక పని, రేపు ఎలా ఉంటుందో కొంతైనా అంచనా, నాలుగు మాటలు పంచుకునే మనిషి. లాక్‌డౌన్ ఈ మూడింటినీ ఒకే రోజున తీసేసింది. ప్రాణాలు కాపాడటానికి అది అవసరమైంది, కాదనలేము. అయితే చేదు మందుకు కూడా దుష్ఫలితాలు ఉంటాయి, వాటిని వైద్యం చేసేవారే చెప్పాలి.

దివిసీమ వారికి విపత్తు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. అంతటి దుఃఖంలోనూ బతికినవారు ఒకరినొకరు పట్టుకుని ఏడ్వగలిగారు, ఒకే పొయ్యి మీద వండిన గంజి తాగారు. మహమ్మారి అలా కాదు. ఉప్పెనలో పొరుగువాడు చేయి అందిస్తాడు, కరోనాలో ఆ చేయి చూస్తేనే భయం. కష్టకాలంలో మనిషికి సహజంగా దొరికే మందు తోటి మనిషి. ఈసారి ఆ మందునే దూరంగా పెట్టవలసి వచ్చింది. ఉప్పెనను తట్టుకున్న పెద్దవారు కూడా కరోనా రోజుల్లో డీలాపడటానికి ఇది ఒక ముఖ్య కారణమని మా అభిప్రాయం.

ప్రపంచవ్యాప్తంగా జరిగిన లెక్క ఒకటి చూడండి. 2021 అక్టోబరులో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2020లో మహమ్మారి కారణంగా అదనంగా 5 కోట్ల 30 లక్షల మందికి పైగా తీవ్రమైన కుంగుబాటుకు, 7 కోట్ల 60 లక్షల మంది ఆందోళన జబ్బులకు లోనయ్యారు. కుంగుబాటు పాలైన ఆ అదనపు సంఖ్యలో దాదాపు మూడింట రెండు వంతులు స్త్రీలే. ఇక మన దేశపు లెక్క చూస్తే 2020లో 1,53,052 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 1,39,123. 2020లో చనిపోయిన ప్రతి 100 మందిలో సుమారు 71 మంది మగవారు. ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు దినకూలీ.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కుంగిపోయినవారిలో ఆడవారు ఎక్కువ, ప్రాణం తీసుకున్నవారిలో మగవారు ఎక్కువ. ఇదేమిటి, తిరకాసుగా ఉందే అనిపిస్తుంది. మగవారి కుంగుబాటు చాలాసార్లు కుంగుబాటులా కనబడదు కనుక ఎవరి కంటా పడదు, వైద్యానికీ రాదు. చివరి నిమిషం వరకు ఇంట్లోవారికి కూడా అంతుపట్టదు.

మగవారి సంగతి

బందరు గిలకలదిండి రేవులో వేట నిషేధం కొత్త కాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రపు వేట ఆపుతారు. ఆ రెండు నెలలూ మత్స్యకారుడు వల బాగుచేసుకుంటాడు, పడవకు రంగు వేసుకుంటాడు, అప్పో సప్పో చేసి ఇల్లు నడుపుతాడు. అయినా మనసు చెదరదు. ఎందుకంటే పడవ మళ్ళీ ఏ రోజు కదులుతుందో అతనికి తెలుసు. 2020లో మార్చి చివరి నుండే వేట నిలిచిపోయింది. ఆ ఏడాది నిషేధాన్ని మే 31కే ముగించారు. అంటే ఖాళీగా ఉన్న రోజులు మామూలు ఏడాదికంటే మరీ ఎక్కువేమీ కాదు. కానీ ఎప్పుడు తెరుస్తారో, పట్టిన చేప ఎవరు కొంటారో తెలియని రోజులవి. మనసును తినేది ఖాళీ కంటే కూడా ఈ తెలియకపోవడమే. ఎంత బరువైనా దించే చోటు తెలిస్తే మోయగలం.

చిలకలపూడి గిల్టు నగల పనివారికి, పెడనలో కలంకారీ అద్దకం బల్లల దగ్గర నిలబడేవారికి, గుడివాడ బస్టాండు దగ్గరి ఆటోవారికి ఇదే పరిస్థితి. పని ఉంటేనే కూలి. కైకలూరు, ముదినేపల్లి చెరువుల రైతులకు, కోడూరు, నాగాయలంక రొయ్యల రైతులకు మరో రకం నరకం. పంట చేతికొచ్చింది, కొనేవాడు లేడు, మేత మాత్రం పూటపూటకూ వేయాలి. ఆ సమయంలో ప్రభుత్వం బియ్యం ఇచ్చింది, 2020 ఏప్రిల్ 4న పేద కుటుంబాలకు 1000 రూపాయల చొప్పున అందించింది. కడుపుకు అది ఆసరా అయింది. కానీ "నేను ఇల్లు నడుపుతున్నాను" అన్న మాట మీదనే తన విలువంతా నిలుపుకున్న మగవాడికి, ఆ మాట పోయినప్పుడు తాను ఎందుకూ పనికిరానివాడిననిపిస్తుంది. మన పెంపకంలో మగపిల్లవాడికి ఏడ్వవద్దని నేర్పుతాం. ఆ దుఃఖం ఏదో ఒక దారిన బయటికి రావాలి గదా. కోపంగా వస్తుంది, లేదా సీసాలోకి వెళుతుంది.

కాబట్టి మగవారిలో ఈ మార్పులు కనబడితే తేలికగా తీసుకోకండి. చిన్నమాటకే కస్సుమనడం, పిల్లలను కొట్టడం, భోజనం దగ్గర మాట్లాడకుండా లేచిపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి కూర్చోవడం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, కడుపులో మంట అని తిరగడం, అప్పుల లెక్కలు పదేపదే వేసుకోవడం. ఇవి రెండు వారాలు దాటి సాగితే డాక్టరుకు చూపించాలి.

కాలక్షేపం లేకపోవడం కూడా చిన్న విషయం కాదు. 2020 ఏప్రిల్‌లో విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు ఇరుగుపొరుగుతో పేకాట ఆడగా 24 మందికి కరోనా సోకిందని అప్పటి జిల్లా కలెక్టరు స్వయంగా ప్రకటించారు. అందరూ ఆ డ్రైవరును తిట్టారు. ఇరుకు గదిలో రోజుల తరబడి కూర్చున్న మగవాళ్ళు పేక ముక్కల వైపు ఎందుకు పోయారని అడిగినవారు తక్కువ. ముక్కలు దొరకనివారు సెల్‌ఫోనులో ఆన్‌లైన్ రమ్మీ పట్టారు. ఆ నష్టాలు ఎంతవరకు వెళ్ళాయంటే 2020 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం అటువంటి ఆటలను నిషేధించవలసి వచ్చింది.

తాగుడు గూర్చి కొంచెం వివరంగా

లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. మొదటి వారం సంతోషించిన ఇల్లాళ్ళు ఎందరో. అయితే ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవారికి మందు ఒక్కసారిగా ఆగితే శరీరం ఎదురు తిరుగుతుంది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. దానిని తట్టుకోవడానికి మెదడు నిత్యం ఎక్కువ వేగంతో పనిచేయడం అలవాటు చేసుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగినా ఆ వేగం మాత్రం ఆగదు, బ్రేకులు తెగిన బండిలాగా ఉంటుంది. చివరిగా తాగిన ఆరేడు గంటలకు చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల లోపు కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరు లేని మనుషులతో మాట్లాడతారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఉన్న చోటు తెలియదు, జ్వరం వస్తుంది. దీనిని గాలి సోకిందని, దయ్యం పట్టిందని తాయెత్తులకు పోవద్దు. ఇది ప్రాణం మీదికి తెచ్చే అత్యవసర పరిస్థితి. ఆసుపత్రిలో చేర్చి తగిన మందులు, బి1 విటమిన్ ఇస్తే చాలావరకు కోలుకుంటారు. 2020 మార్చి చివరివారంలో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటివారు గుంపులుగా వచ్చారు.

మన రాష్ట్రంలో మే 4న దుకాణాలు తెరిచినప్పుడు ధరలను రెండు విడతల్లో 75 శాతం పెంచారు. ధర పెంచితే తాగుడు తగ్గుతుందన్నది కొంత నిజమే. కానీ అలవాటుకు బానిసైనవాడు మానడు, మరోదాని వైపు పోతాడు. 2020 జూలై చివరలో ప్రకాశం జిల్లా కురిచేడులో చేతులకు రాసుకునే శానిటైజరును తాగి పదిమందికి పైగా చనిపోయారు. కనుక ఇంట్లో ఎవరికైనా బాగా తాగే అలవాటుంటే "రేపటినుండి చుక్క ముట్టకు" అని గదిలో పెట్టి తాళం వేయకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మానడం తప్పక సాధ్యమే, అయితే వైద్యుని పర్యవేక్షణలో మానాలి.

ఆడవారి సంగతి

లాక్‌డౌన్‌లో అందరికీ సెలవు దొరికింది, ఆడవారికి తప్ప. కరోనాకు ముందే, 2019లో, కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఎవరు రోజులో ఎంతసేపు ఏ పని చేస్తున్నారో లెక్క తీసింది. ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, అంటే దాదాపు అయిదు గంటలు, పురుషులు 97 నిమిషాలు ఇంటిపనికి వెచ్చిస్తున్నారు. ఇక మగవారు, పిల్లలు, ముసలివారు అందరూ రోజంతా ఇంట్లోనే ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మూడు పూటలా వంట, మధ్యలో టీలు, చేతులు కడిగించడం, కూరగాయలు ఉప్పునీళ్ళలో కడగడం, పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, అదీ ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోనులో.

పని భారం కనబడుతుంది. కనబడని నష్టం మరొకటుంది. పది గంటలకు మగవారు, పిల్లలు వెళ్ళిన తరువాత ఇల్లాలికి దొరికే కాస్త ఏకాంతం, పంపు దగ్గర మాటలు, డ్వాక్రా సంఘం సమావేశం, పండుగకు పుట్టింటి ప్రయాణం, ఇవి ఆమె మనసుకు కిటికీల వంటివి. అవన్నీ మూతపడ్డాయి. మగవాడు ఒంటరితనంతో బాధపడ్డాడు, ఆమె ఒంటరిగా కూర్చోవడానికి చోటు లేక బాధపడింది. సంఘం అప్పుల వాయిదాలకు 2020 మార్చి నుండి ఆగస్టు వరకు గడువిచ్చారు గానీ వడ్డీ మాత్రం ఆగలేదు. ఇంటి దగ్గర గిల్టు నగలకు రాళ్ళు అతికి నాలుగు రూపాయలు సంపాదించుకునే స్త్రీలకు ఆ నాలుగు రూపాయలతో పాటు ఇంట్లో తన మాటకున్న విలువ కూడా పోయింది.

మరి కొన్ని ఇళ్ళల్లో గొళ్ళెం లోపలే ప్రమాదం ఉంది. లాక్‌డౌన్ మొదటి వారాల్లో జాతీయ మహిళా కమిషన్‌కు వచ్చిన గృహహింస ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. 2020 ఏప్రిల్ 10న కమిషన్ వాట్సాప్ నంబరు కూడా ప్రకటించింది. ఎందుకంటే కొట్టేవాడు పక్కనే ఉంటే ఫోనులో మాట్లాడటం ఎలా? చెప్పుకోలేక ఊరుకున్నవారు ఎంతమందో ఆ లెక్కలోకి రారు. తన్నులు తినేది శరీరమే అయినా, భయంతో బతికే మనసు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్లుంటుంది. తలుపు చప్పుడైతే ఉలికిపాటు, గుండెదడ, నిద్రలో పీడకలలు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఇవి ఆ హింస ఆగిన తరువాత కూడా ఏళ్ళ తరబడి ఉండవచ్చు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ప్రకారం స్త్రీకి ఆ ఇంట్లోనే ఉండే హక్కు, రక్షణ పొందే హక్కు ఉన్నాయి. మహిళల సహాయానికి 181, అత్యవసరమైతే 112 నంబర్లకు ఫోను చేయవచ్చు. సోదరీ, "సర్దుకుపో" అని మీకు చాలామంది చెప్పి ఉంటారు. దెబ్బలకు సర్దుకుపోవడం మందు కాదు.

ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు, నర్సుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పగలంతా ఇంటింటి సర్వే, సాయంత్రం ఇంటికి వచ్చి తన పిల్లలను ముట్టుకోవడానికి భయం. కొన్ని చోట్ల ఇరుగుపొరుగు వారి ముఖం మీదే తలుపు వేశారు. చప్పట్లు కొట్టిన ఊరే తలుపులు వేసింది. వారిలో ఎవరికైనా నేటికీ ఆ రోజులు గుర్తుకొచ్చి కన్నీళ్ళు వస్తుంటే అది బలహీనత కాదు.

చివరి చూపు దక్కని దుఃఖం

లాక్‌డౌన్ నిబంధనల ప్రకారం అంత్యక్రియలకు 20 మందికి మించరాదు. గుడులు, మసీదులు, చర్చిలు 2020 జూన్ 8 తరువాత గానీ తెరుచుకోలేదు. 2021లో ఎందరో విజయవాడ ఆసుపత్రులకు నడిచి వెళ్ళి, సంచిలో చుట్టబడి తిరిగి వచ్చారు, కొందరు ఇంటికి రానేలేదు. ముఖం చూడకుండా, స్నానం చేయించకుండా, నలుగురు వచ్చి పలకరించకుండా ముగిసిన చావును మనసు నమ్మదు. ఏడాది దాటినా రోజూ అదే తలపు, ఆ మనిషి గదిలోకి పోలేకపోవడం, "నేను ఇంకొంచెం ముందుగా తీసుకెళ్ళి ఉంటే" అని తనను తానే నిందించుకోవడం ఉంటే అది మామూలు దుఃఖాన్ని దాటిందని అర్థం. అప్పుడు జరగని వీడ్కోలును ఇప్పుడు జరుపుకోవచ్చు. సంవత్సరీకమో, జ్ఞాపకార్థ ప్రార్థనో, ఫాతిహానో, ఎవరి పద్ధతిలో వారు బంధువులను పిలిచి, ఆ మనిషి గూర్చి మాట్లాడుకుని, ఏడ్వండి. ఇన్నేళ్ళ తరువాత ఎందుకని మొహమాటపడవద్దు.

గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళల్లో పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. 2020 మార్చి 23 నుండి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయి, మామూలు రాకపోకలు 2022 మార్చి 27 గానీ మొదలుకాలేదు. వీడియో కాల్‌లో తండ్రి అంత్యక్రియలు చూసిన కొడుకులు, ఖాళీ ఇంట్లో భర్త ఫొటో ముందు కూర్చున్న తల్లులు ఎందరో. పెద్దవారిలో కుంగుబాటు మతిమరుపులాగా కనబడవచ్చు. తిండి తగ్గడం, గడప దాటకపోవడం, మాట తగ్గడం చూసి "వయసు మీద పడింది" అనుకోకుండా పరీక్ష చేయించండి. కుంగుబాటు అయితే అది నయమవుతుంది. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది.

ఏమి చేయాలి?

ముందు అడగండి. "నిద్ర పడుతోందా? ఏమైనా బాధగా ఉందా?" అని మగవాడిని కూడా అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పడు. చెరువు గట్టు మీద నడుస్తూనో, వల అల్లుతూనో పక్కన ఉండి అడిగితే చెబుతాడు. చావాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. అడగడం వలన బరువు దిగుతుంది, ప్రాణం నిలుస్తుంది. అటువంటి ఆలోచన ఉన్నదంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పొలానికి, చెరువులకు వాడే పురుగుమందులను ఇంట్లో ఉంచకుండా వేరేచోట తాళం వేసి ఉంచండి. ఆ క్షణంలో డబ్బా చేతికి అందకపోతే చాలామంది బతుకుతారు, బతికినవారిలో ఎక్కువమంది మళ్ళీ ఆ పని చేయరు.

ఎవరైనా మందు తాగితే పోలీసు కేసవుతుందని దాచిపెట్టి సమయం పోగొట్టకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్న రోగిగానే చూడాలని చెబుతోంది. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షన్ కూడా లేదు. తాగిన డబ్బా వెంట తెచ్చి, ఉన్నదున్నట్లు డాక్టరుకు చెప్పండి.

కుంగుబాటుకు, ఆందోళనకు వైద్యం ఉంది. మాటల ద్వారా చేసే చికిత్స ఉంది, మాత్రలున్నాయి. మాత్రలు వేసిన మరునాడే గుణం కనబడదు, రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా కొంచెం ఎక్కువ పడుతుంది. చాలామంది పదిరోజులు వాడి పనిచేయలేదని మానేస్తారు. మరికొందరు నెమ్మదించగానే ఆపేస్తారు, జబ్బు తిరగబడుతుంది. కుంగుబాటు మాత్రలు మత్తుమందులు కావు, వాటికి తాగుడులా బానిసలు కారు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు మాత్రం అలవాటు చేస్తాయి, వాటిని సొంతంగా వాడరాదు.

డాక్టరు దాకా రావడానికి మొహమాటమైతే 14416 నంబరుకు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ ఇది. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను మరొకరి చేతిలో ఉండే ఇంట్లోని స్త్రీ అయితే, రక్తపోటు చూపించుకునే నెపంతోనైనా ఆసుపత్రికి వచ్చి, నర్సుతో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడాలని అడగండి. కారణం చెప్పనవసరం లేదు.